నరసింహము గారి అరచేతి కెమెరా

వైశాఖ బహుళపక్షమున ప్రచండమార్తాండుడు గోదావరీ సైకతములను వేపుడు మంగలమువలె కాల్చుచు రాజమహేంద్రవర వీథులయందలి తారును కరగించి పాదచారుల చెప్పులను నేలకంటించి యడుగడుగునకు వారి నోట నొక తిట్టు పలికించుచుండిన యొకానొక మధ్యాహ్నమున కోటగుమ్మమునకు అనతిదూరమున నున్న వల్లభా ఎలక్ట్రానిక్సు అను విక్రయశాల మీది యంతస్తునందు విచిత్రమైన సభ యొకటి తీరియుండెను. అది పండితసభ గాదు. పంచాయతీ సభయు గాదు. అరచేత నిముడు డిజిటల్ వీడియో కెమెరాను ఆ యంగడియందు కొనినవారందఱును వచ్చి దాని గుణదోషములను నిర్భయముగా వెల్లడింపవలసినదని యంగడి యజమానుడగు వల్లభరావు పిలుపు పంపియుండెను. మెచ్చుకోళ్ళను గోడకు వ్రేలాడదీసి క్రొత్త బేరములను రాబట్టుకొనవలెననునది అతని యుపాయము. తెగడువారు గూడ వత్తురను సంగతి ఆ వ్యాపారికి తట్టనేలేదు.

అట్లు తెగడ వచ్చినవారిలో అగ్రగణ్యుడు నరసింహము. ఆయన అమలాపుర వాస్తవ్యుడు, పేరుమోసిన మృదంగ విద్వాంసుడు, పేరునకు తగిన కోపిష్ఠి. ముక్కుమీద కోపమను మాట ఆయన విషయమున చాలదు. కాఫీ చల్లారినను కోపమే, కాలినను కోపమే, సరిగా నున్నచో ఇన్నాళ్ళు ఇట్లేల కాచలేదని మఱింత కోపము. కాని యానాటి కోపమునకు కారణము అల్పమైనది కాదు. ఆయన ప్రక్కనే మెడచుట్టును తెల్లని నూలువస్త్రము చుట్టుకొని ఒడిలో కఱ్ఱచిడతల జతయొకటి పెట్టుకొని ఆయన భార్య మాణిక్యాంబ మౌనముగా కూర్చుండియుండెను. ఆమె మౌనము వ్రతము గాదు. ఆమెకు కంఠస్వరము లేదు.

ఆ మాణిక్యాంబయే యొకప్పుడు కోనసీమ యంతటను హరికథా భాగవతారిణియై ప్రసిద్ధికెక్కినది. కాళ్ళకు గజ్జెలును మెడలో పూలదండయు చేత చిడతలును ధరించి వేదికపై నిలిచి యామె తారస్థాయి నందుకొనినపుడు వెనుకవరుసలో కునుకుచున్న ముదుసళ్ళు సైతము నిటారుగా కూర్చుండెడివారు. ఆమె కథకు మృదంగము వాయించువాడు నరసింహమే. వారి వేదికకు ఒక నియమము కలదు. కథ చెప్పునామె చిడతల దెబ్బతోనే మృదంగము మొదలుకావలయును, ఆమె వానిని బిగించి యొక్కమాఱు గట్టిగా కొట్టినచో మృదంగము ఏ నడకలో నున్నను తత్క్షణమే ఆగవలయును. ఇంటియందు పులియై తిరుగు నరసింహము వేదికమీద మాత్రము ఆ యొక్క దెబ్బకు లోబడి చేయి నిలుపుకొనెడివాడు. లోకమున ఆయన చేతిని నిలుపగల శబ్దము అది యొక్కటియే.

గడచిన యేడు ఆమె కంఠమున పుండు పుట్టెను. కాకినాడ వైద్యుడు దసరా దాటగనే శస్త్రచికిత్స తప్పదనియు పిమ్మట గొంతు పలుకునను ఆశ పెట్టుకొనవలదనియు మొగమాటము లేక చెప్పెను. అప్పటికి తాంబూలము పుచ్చుకొనియున్న కథ నవరాత్రములయందు ఒక్కటి మిగిలియుండెను. అంతవఱకు ఆమె కథలను పట్టియుంచినవారు లేరు. టేపు ఇండ్లకు చేరినచో జనము పందిళ్ళకు రారని నరసింహమే యెవ్వరిని పట్టనిచ్చెడివాడు కాడు. ఇప్పుడు చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొనుటకు పరుగిడి వల్లభరావు అంగడిలో ఆ అరచేతి కెమెరాను కొని ఆ కడపటి కథను తీయు భారమును బావమఱదియగు వైకుంఠమునకు అప్పగించెను.

వైకుంఠము పెండ్లి వీడియోలు తీసి జీవించువాడు, చేయి తిరిగినవాడు, దైవభక్తి గలవాడు. పెండ్లి వీడియోలవారికి ఒక ఆచారము కలదు. ఏ టేపునైనను విఘ్నేశ్వరుని పటముతో గాని మొదలుపెట్టరు. ఆ చొప్పుననే వైకుంఠము పందిటిలోని వినాయకుని పటమునకు కెమెరా చూపి మీట నొక్కి పటము పట్టి కెమెరాను మెడలో వ్రేలాడవిడిచి రెండుచేతులు జోడించి కన్నులు మూసికొని దండము పెట్టెను. దండము పెట్టెనే గాని మీటను మరల నొక్కుట మఱచెను. భుజమున మోయు పెద్ద కెమెరాకు మీట నొక్కినచో టక్కుమను చప్పుడు కలదు, కంటి యెదుట ఎఱ్ఱదీపము కలదు. ఈ పసికూనకు మీట వెన్నవలె మెత్తన, దీపము ఆవగింజంత. కాన కథ యారంభింపగానే వైకుంఠము మొదలుపెట్టుచున్నాననుకొని నొక్కగా కెమెరా ఆగెను. నడుమ విరామమున ఆపుచున్నాననుకొని నొక్కి తెర వెనుక పందిరిరాటకు తగిలించి పోగా అది పనిచేయసాగెను. రుక్మిణీ కల్యాణమున ఒక్క పద్యమును దానికి చిక్కలేదు. విరామమున నేలయు గజ్జెల కాళ్ళును చాప అంచులును మాత్రము చక్కగా చిక్కినవి.

ఆసుపత్రినుండి తిరిగి వచ్చినపిదప ఆ టేపును వేసి చూచిన దినమున నరసింహమునకు వచ్చిన కోపమును వర్ణించుటకు నాకు శక్తి చాలదు. వినాయకుడు కనబడెను, పిమ్మట నేల కనబడెను, నేల మఱి కదలలేదు. ఆయన అంతటితో టీవీని ఆర్పి రిమోటును గోడకు విసరికొట్టి బావమఱదిని గడప త్రొక్కవలదని శాసించి కెమెరాను టేపుతో సహా పెట్టెలో పారవైచెను. నాటినుండి వచ్చినవారికెల్లను ఆయన చెప్పు కథ యొక్కటియే. గొంతు చూచుకొమ్మని శ్రుతి దించుకొమ్మని తాను బ్రతిమాలితిననియు ఆమె కళావ్యామోహముచే వినలేదనియు కడకు దిక్కుమాలిన కెమెరా ఉన్న యానవాలును మ్రింగినదనియు ఆయన చెప్పుచుండగా జనులు అయ్యో యని తల లూపెడివారు. పదిమందికి చెప్పిన మాట పదునొకండవమాఱు చెప్పువానికే నిజమై తోచును. నరసింహమునకు అట్లే తోచెను. మాణిక్యాంబ ఆ మాటలు వినుచు లోపలికి పోయెడిది. బదులు చెప్పుటకు ఆమెకు మిగిలినవి చిడతలే. అన్నము వడ్డించినపుడు ఒక దెబ్బ, ఎవరేని వచ్చినపుడు రెండు దెబ్బలు, అంతే ఆమె భాష.

సభకు బయలుదేరు ముందు వైకుంఠము గడపవెలుపల నిలిచి బావను వారింపజూచెను. పెట్టెలోని టేపును ఆతడు పెండ్లిపనుల నడుమ అక్కగారి యనుమతితో కొనిపోయి తుదిముట్ట చూచియుండెను.

"బావగారూ, తప్పు నాదేనండి. కావాలంటే అక్కడ పదిమందిలో ఒప్పుకుంటాను. ఆ టేపు మాత్రం అక్కడ వేయించకండి."

తన తప్పు బయటపడునని వెఱచి ఇట్లనుచున్నాడని తలచి నరసింహము అగ్గిమీద గుగ్గిలమయ్యెను. టేపు తప్పక వేయించెదననియు వేసినపిదప అంగడివానికిని వీడియోవానికిని మొగము చెల్లకుండ చేసెదననియు గర్జించెను. అపుడు మాణిక్యాంబ లోపలినుండి వచ్చి పెట్టె తెఱచి కెమెరాను టేపును తానే తీసి సంచిలో నుంచుకొని చిడతలు చేతబట్టి వీథిలోనికి దిగెను. ఆమె రావలసిన పని లేదని భర్త యన్నను ఆమె వెనుదిరిగి చూడలేదు. వైకుంఠము తల వంచుకొని వారి వెంట నడచెను.

సభయందు మొదట మెచ్చుకోళ్ళు సాగినవి. కొబ్బరి వ్యాపారి తాతబ్బాయి మనుమరాలి అన్నప్రాశనమును ఒంటిచేత్తో తీసితిననియు తమలపాకువంటి బరువనియు పొగడి బ్యాటరీ మాత్రము పిల్ల కత్తి పట్టునో పుస్తకము పట్టునో తేలకమునుపే చచ్చినదని వాపోయెను. బాలికల పాఠశాలలో వ్యాయామోపాధ్యాయినియగు రాజ్యలక్ష్మి మైదానము ఆ కొననున్న పిల్ల ముఖమును ఈ కొనకు తెచ్చి చూపు శక్తి దీనికి కలదనియు దీపము మసకబారినచో బొమ్మయంతయు చీమలు ప్రాకినట్లు కనబడుననియు పలికెను. పశువైద్యుడు జోసెఫ్ బాబు మాత్రము దాని చెవిని మెచ్చుకొనెను. ఈనుచున్న ఆవును తీయబోయి కెమెరాను దూరమున పెట్టి మఱచితిననియు ఇంటికి వచ్చి వినగా ఆవు ఊపిరియు పాక వెనుక పాలేర్లు తన్ను గూర్చి చెప్పుకొనిన మాటలును పొల్లుపోక వినబడినవనియు ఆయన చెప్పగా సభ నవ్వెను. ఎవరు నవ్వినను నరసింహము నవ్వలేదు. ఆయన వంతు వచ్చెను.

ఆయన లేచి నిలిచి మృదంగమునకు బొటనవ్రేలు అదుమువిధమున బల్ల నదిమి మొదలుపెట్టెను. మీటలో దోషము, దీపములో దోషము, అమ్మినవాని మాటలో దోషము, చేసినవాని బుద్ధిలో దోషము. అరచేత నిముడవలెనని యంత్రమును ఇంతగా కుదించినవారు దానిని వాడు మనుష్యుల వ్రేళ్ళను గూడ కుదించి పంపవలసినదని ఆయన యనగా కొందఱు చప్పట్లు కొట్టిరి. ఆ చప్పట్లతో ఆయన మఱింత చెలరేగి భార్యను చూపి గొంతు వణకించి యిట్లనెను.

"ఈవిడ గొంతు ఎలాంటిదో మా కోనసీమని అడగండి. శ్రుతి దించుకోవే, దించుకోవే అని నెత్తీ నోరూ కొట్టుకున్నానండి. విన్లేదు. గొంతు పోయింది. ఆఖరి కథన్నా ఉంటుందనుకుంటే, మీ కెమెరా నాకు నేలని చూపించింది."

వల్లభరావు చెమట తుడుచుకొనుచు లేచెను. సరకును తిట్టిన సహించునేమో గాని పదిమంది కొనుగోలుదారుల యెదుట తిట్టిన వ్యాపారి సహింపడు. ఆతడు మర్యాద చెడకుండనే ముల్లు దింపెను.

"గురువుగారూ, కోప్పడకండి. ఆడలేక మద్దెల ఓడన్నారట. మద్దెల వాయించే తమకి నేను చెప్పేదేముంది."

ఆ సామెత మృదంగ విద్వాంసునికి ఎట్లు తగులునో చదువరులు ఊహించుకొనగలరు. నరసింహము కన్నులు నిప్పులు చెరిగినవి. టేపు వేయుమని ఆజ్ఞాపించెను. వైకుంఠము మరల చేయెత్తి వలదనబోయెను గాని మాణిక్యాంబ సంచిలోని కెమెరాను టేపును తీసి తానే వల్లభరావు చేతికిచ్చెను. గోడనున్న పెద్ద టీవీకి కెమెరాను తగిలించిరి. వినాయకుడు కనబడెను. పిమ్మట నేల కనబడెను. చూచితిరా యని నరసింహము సభవైపు విజయగర్వముతో తిరిగెను.

అంతలో టీవీనుండి ఒక స్త్రీకంఠము వినబడెను. విరామమున తెర వెనుక గజ్జెలు సవరించుకొనుచు మాట్లాడిన మాణిక్యాంబ కంఠమది. బొంగురుపోయిన కంఠమే యైనను ఆ సభలో ఇదివఱకు దానిని ఎఱిగినవారు ఇద్దఱు ముగ్గురు ఉలికిపడిరి. జోసెఫ్ బాబు చెప్పినది నిజము. దాని చెవి గొప్పది. ప్రతి యక్షరము గోడకు కొట్టిన మేకువలె దిగబడెను.

"ఏవండీ, ఒక్క అర శ్రుతి దించుకుందామండీ. పై షడ్జమం దగ్గర రంపం పెట్టి కోసినట్టుంది."

"మళ్ళీ అదే గోల. నా మృదంగం ఈ శ్రుతికి కట్టుంది. దించితే నాదం చచ్చిపోద్ది."

"వార్లు కాస్త సడలిస్తే సరిపోద్ది కదండీ. చైత్రంలోనే డాక్టరుగారు చెప్పారు, పైకెక్కొద్దని. అప్పట్నించీ అడుగుతానే ఉన్నాను."

"డాక్టరుకేం తెలుసే సంగీతం? ఏంటది, రక్తమా? తుడిచేసుకో. ఎవరికీ చూపించకు. కషాయం తాగి లే."

నరసింహము ముఖము వెలవెలబోయెను. మఱచితిననుకొనిన మాటలు, అననే లేదని తన్ను తాను నమ్మించుకొనిన మాటలు, తన గొంతుతోనే తన్ను పేరు పెట్టి పిలుచునట్లుండెను. గోడలకు చెవులుండునని పెద్దలనిరి గాని రాటకు వ్రేలాడు డబ్బాకు చెవియుండునని ఆయనకెవరు చెప్పిరి? కడుపు చించుకొన్న కాళ్ళపై బడునను సంగతి ఎఱుగక తన కడుపును తానే పదిమందిలో చించుకొనెను. ఆయన కుర్చీలను త్రోసికొనుచు టీవీవైపు దుమికి దాని మీటపై చేయి వేయబోయెను.

చిడతలు మ్రోగెను. ఒక్క దెబ్బ.

బిగించి కొట్టిన దెబ్బ. ముప్పదియేండ్లు ఆ దెబ్బకు నిలిచిన చేయి ఆనాడును నిలిచెను. ఆయన ఆపదలచి ఆపినది కాదు. మీటకు బెత్తెడు దూరమున వ్రేళ్ళు ఆగిపోయినవి. వెనుదిరిగి చూడగా మాణిక్యాంబ లేచి నిలిచియుండెను. ఆమె కన్నులలో నీరు లేదు. దుఃఖమును ఆమె ఆసుపత్రిలోనే ముగించుకొనినది. అక్కడ నున్నది కోపము. ఇంటిల్లిపాదిని వణకించిన నరసింహము కోపము దాని ముందు చిటపటలాడు పోపుగింజల కోపము. ఇన్ని నెలలు తాను బ్రతిమాలిన మాటలను భర్త తన నోటివిగా ఊరంతయు చాటుచుండగా లోపలికి పోయి గోడవైపు తిరిగి కూర్చున్నదాని కోపము. ఆమె చిడతల చేతిని దింపలేదు. ఆయన చేయి వెనుకకు తీసికొనెను. సాగుచున్న టేపును ఆపుటకు వల్లభరావు సైతము సాహసింపలేదు.

నేలబొమ్మ ముగిసి మరల నేలబొమ్మయే కనబడెను. ఈ తూరి కథ ముగిసినపిదప వైకుంఠము మరల అట్లే నొక్కి తగిలించిపోగా కెమెరా పట్టినది. దూరమున జనుల కరతాళములు, హారతి గంటలు, కుర్చీల చప్పుడు. వాని నడుమ ఉత్సాహముతో నిండిన నరసింహము మాట స్పష్టముగా వినబడెను.

"చూశావా? పలికింది కదా. ఊరికే భయపడి చస్తావ్."

గజ్జెలు విప్పుచున్న చప్పుడు వినబడెను. పిమ్మట ఆ స్త్రీకంఠమే ఎవరినో ఓదార్చుచున్నట్లు మెల్లగా ననెను.

"ఇంక పలకదండీ."

టేపు అంతటితో అయిపోయెను. తెరమీద నీలము నిండెను. అవి మాణిక్యాంబ నోటినుండి వచ్చి యెక్కడనైనను నిలిచియున్న కడపటి మాటలు. పద్యము గాదు, ఆలాపన గాదు, భర్తకు ఇచ్చిన జవాబు. ఆమె చిడతలను దింపి మెడలోని వస్త్రమును సర్దుకొని ఎవరి మొగమును చూడక మెట్లు దిగిపోయెను. వైకుంఠము అక్కగారి వెంట దిగెను. సభలో నున్నవారు తమ తమ కెమెరాల సంచులను చూచుకొనసాగిరి. వానియందు ఏయే మాటలు పడియున్నవో యని ప్రతివానికిని ఒక్కమాఱుగా సందేహము కలిగినట్లుండెను.

వల్లభరావు పాపము వ్యాపారి. ఆతనికి వేఱు మాట తోచక యంత్రమును గూర్చి తమ కడపటి అభిప్రాయమేమని గొణుగుచు అడిగెను. నరసింహము కెమెరాను టీవీనుండి ఊడదీసికొనుచు దానివైపు చాలసేపు చూచెను. ఆయన కోపమునకు తగిన వస్తువు ఆ గదిలో ఒక్కటియు మిగులలేదు. మీటను తిట్టవలెనన్న నోరు రాలేదు. బావమఱదిని తిట్టవలెనన్న ఆతడు వలదని మొత్తుకొనినవాడు.

"దీనికేం రోగం లేదండి," అని మాత్రము అనెను.

బస్సులో మాణిక్యాంబ ముందు స్త్రీల వరుసలో కూర్చుండెను. ఆయన వెనుక నిలిచి రావులపాలెము దాటువఱకు ఆమె జడకొప్పును చూచుచు ఏమేమో కూర్చుకొని కడకు ఇంటి గడపలో ఆ కూర్చుకొనినదంతయు అప్పగించెను. తప్పనెను, క్షమింపుమనెను, కాళ్ళు పట్టుకొనుటకు సైతము వంగెను. ఆమె వినెను. విని వంటయింటిలోనికి పోయి దీపము పెట్టెను. ఆనాడు అన్నము వేళకు విస్తరి వేసి వడ్డించి యుంచెను గాని చిడతలు మ్రోగలేదు. ఆయనయే లేచి వచ్చి చల్లారిన అన్నమును తిని కాలలేదనిగాని చల్లారెననిగాని ఒక్కమాట యనలేదు.

మఱునాడు నరసింహము మృదంగమును ఒడిలో పెట్టుకొని రాతితో అంచుపై మెల్లమెల్లగా తట్టి వార్లను సడలించి అర శ్రుతి దించెను. చదువరులారా, ఆ పని తమలపాకులకు సున్నము రాయునంత సేపులో ముగిసెను. నాదము చావలేదు. కొంచెము గంభీరమై మఱింత ఇంపుగానే పలికెను. దానిని విని ఆయన నోరు తెఱచి గోడవైపు చూచుచు కూర్చుండిపోయెను.

నేటికిని ప్రతి సాయంకాలము ఆయన కాళ్ళు కడుగుకొని వచ్చి ఆ మృదంగము ముందు చేతులు సిద్ధముచేసికొని కూర్చుండును. ఎదుట గూటిలో చిడతలు ఉన్నవి. వానిని ఆమె ప్రతిదినము తుడిచి నూనె రాచి మరల గూటిలో పెట్టును. పొరుగువారి పిల్లలు పిలిచినచో వారికి మ్రోగును, వాకిట పాలవాడు వచ్చినచో మ్రోగును, తమ్ముడు వచ్చినచో మ్రోగును. అర శ్రుతి దిగిన ఆ మృదంగము మాత్రము మొదలుపెట్టుమను దెబ్బకై ఎదురుచూచుచునే యున్నది.